డైలాగులున్న వేషం

కిందటి వారం బంజారా హిల్స్‌లో ఒక క్లినిక్‌కి వెళ్లాను. నాకు షుగరు వచ్చి చాలాకాలమే అయింది. దానికీ నాకూ ఇప్పుడు పెద్ద గొడవల్లేవు. అక్కడొక నర్సమ్మాయి నన్ను బల్ల మీద పడుకోబెట్టి, "కళ్లు మూసుకోండి మేడమ్. పాదానికి ఏమైనా తగిలినట్టనిపిస్తే చెప్పండి" అంది. ఆమె చేతిలో సన్నటి నైలాన్ పోగు ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. అమ్మాయి వంగినప్పుడు ఆమె మెడలో వేలాడే కార్డు బల్ల అంచుకి కొట్టుకుని చిన్న చప్పుడైంది.

"ఆ" అన్నాను.

"నేనింకా ముట్టుకోలేదు మేడమ్" అంది ఆ పిల్ల నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. కళ్లు మూసుకునే ఉన్నాను. ఆవిడ గుర్తొచ్చింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. పోయిందన్న కబురు ఫోనులో వచ్చిన రోజున మా ఆఫీసులో డేటా ఎంట్రీ నడుస్తోంది. సరేనని ఫోను పెట్టేసి మళ్లీ పనిలో పడ్డాను. ఏడవలేదు. తర్వాత ఏడుద్దామని కూడా అనుకోలేదు. మనిషినన్నాక ఏదో ఒకటి అనిపించాలి కదా అని నన్ను నేను తిట్టుకున్నాను గానీ, తిట్టుకుంటే వచ్చేదా ఏడుపు?

పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. సినిమాల్లో నటించిన మనిషే, కానీ తెర మీద ఏనాడూ పేరు పడలేదు. ఊరు ఊరంతా హీరో వెంట నడిచేటప్పుడు ఆ ఊళ్లో ఆవిడ ఒకరు. పంచాయితీ జరుగుతుంటే చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్లలో ఒకరు. జూనియర్ ఆర్టిస్టు.

హైదరాబాదులో ఎక్కడ చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డులు వేలాడుతున్న కాలం అది. మాదాపూర్ వైపు బండలు పేల్చి అద్దాల మేడలు కడుతున్నారు. మా ఆఫీసు జూబ్లీ హిల్స్‌లో, ఫిల్మ్ నగర్‌కి దిగే దారిలో, ఒక పెద్ద బంగళా కింది అంతస్తులో ఉండేది. పై అంతస్తునీ ముందున్న తోటనీ ఓనరు షూటింగులకి ఇచ్చేవాడు. పల్లెల్లో షుగరు రోగులకి వైద్యం ఎంతమేరకు అందుతోందో లెక్క తేల్చే సర్వే మాది. కింద మేం దానికి ఏర్పాట్లు చేస్తుంటే, పైన హీరో తల్లి మెట్లు దిగుతూ ఏడ్చేది. "సైలెన్స్!" అని అరుపు వినపడితే మేం కూడా నోరు మూసుకోవాల్సిందే. ఫ్యాను సైతం ఆపమనేవాళ్లు. ఆ చెమటలో కూర్చుని, 'మీ ఊరికి ఆస్పత్రి ఎంత దూరం' అన్న ప్రశ్న ముందుండాలా వెనకుండాలా అని సైగలతో వాదించుకున్న రోజులున్నాయి.

సర్వేకి పెద్ద ఒక డాక్టరు గారు. గుంటూరు వైపు మనిషి. మెడలో స్టెతస్కోపు ఎప్పుడూ చూడలేదు, స్టాప్‌వాచీ మాత్రం ఉండేది. ఆయన పొద్దున వస్తూనే మొదలుపెట్టే పాట ఒకటే. "అందరినీ ఒకేలా అడగాలి. అడిగేవాళ్ల ముఖం చూసి జవాబు మారకూడదు." గోడకి జిల్లాల పటం ఒకటి తగిలించి, సర్వేకి ఎంపికైన ఊళ్ల మీద రంగు తల గుండుపిన్నులు గుచ్చాడు. ఆ పిన్నులు అట్టలో సరిగా నిలిచేవి కావు. తలుపు గట్టిగా వేస్తే రెండు ఊళ్లు కింద పడేవి.

ఊళ్లకి వెళ్లి ప్రశ్నలడగాల్సిన పిల్లలకి శిక్షణ ఇచ్చేది నేను. వాళ్లు ఒకరినొకరు అడుగుతూ ప్రాక్టీసు చేయాలి. ఎక్కడ చేస్తారు? పడీ పడీ నవ్వడమే. మల్లేశ్ అని సిద్దిపేట వైపు అతను ఒకడుండేవాడు. పేషెంటుగా కూర్చోబెడితే, "నాకు షుగర్ లేదు మేడమ్, మా మేనమామకున్నది, ఆయనను తోలుకరానా?" అనేవాడు. స్వరూప అనే అమ్మాయి చేతినిండా గాజులు వేసుకొచ్చి, నవ్వినప్పుడల్లా వాటితో సహా గలగలమనేది. మిగిలినవాళ్లు అమీర్‌పేటలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ నేర్చుకుని అమెరికా డాక్టర్ల మాటలు టైపు కొట్టే ఉద్యోగాలకి జారుకునేవాళ్లు. ఇట్లా అయితే సర్వే అయినట్టే అని నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు డాక్టరు గారు కిటికీలోంచి తోటలోకి చూస్తూ నిలబడ్డాడు. ప్రహరీ నీడలో, షాటు కోసం ఎదురుచూస్తూ, పల్లెటూరి ఆడవాళ్ల వేషాల్లో ఓ పదిమంది కూర్చుని ఉన్నారు. ముతక చీరలు, ముక్కు పుడకలు, నుదుట రూపాయంత బొట్లు.

"అదిగోనమ్మా మన పేషెంటు. ఆ చివరావిణ్ణి పిలవండి" అన్నాడు.

"సార్, ఆమె యాక్టరు."

"అందుకే పిలవమంటున్నా."

అలా లోపలికి వచ్చింది. గడప దగ్గర చెప్పులు విడిచి, గది నాలుగు మూలలా చూసి, కిటికీ వెలుతురు ముఖం మీద పడే కుర్చీ తనే ఎంచుకుని కూర్చుంది. డాక్టరు గారు పనేమిటో చెప్పాడు. పల్లెటూరి షుగరు రోగిగా నటించాలి, ఈ పిల్లలు అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. తర్వాత అడిగాడు. "మీకు నిజంగా షుగరేమన్నా ఉందా?"

"అబ్బే, లేదండీ."

"మంచిది. ఉంటే పనికిరారు. సొంత జబ్బు కలిసిందంటే మేం చెప్పిన పాత్ర చెడిపోతుంది."

ఆవిడకి ఆ మాట పట్టలేదు. ముందుకు వంగి, ఏదో అడగకూడనిది అడుగుతున్నట్టు గొంతు తగ్గించి అడిగింది.

"డైలాగులున్నాయాండీ?"

"అన్నీ డైలాగులేనమ్మా."

ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. పుట్టింది తెనాలిలోనట. చిన్న వయసులో మద్రాసు వెళ్లింది. సినిమావాళ్లంతా హైదరాబాదుకి తరలినప్పుడు వాళ్ల వెనకే వచ్చి కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుంది. అన్నేళ్లలో ఒక్క సినిమాలోనూ ఆవిడ చేత నోరు తెరిపించలేదు. అయ్యో అనమన్నప్పుడు కూడా పదిమందితో కలిసి అనడమే. ఇక్కడ ఆవిడ ఏం మాట్లాడినా ఎదుట ఒక మనిషి కూర్చుని అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటుంది!

మర్నాటి నుంచి చూడాలి ఆవిడ హడావిడి. షూటింగు లేని రోజున కూడా ఇంటి నుంచే వేషం వేసుకుని వచ్చేది. ముతక చీర కట్టుకుని కృష్ణానగర్ సందుల్లోంచి నడిచి, ఎత్తు ఎక్కి వచ్చేది. రాగానే నా బల్ల దగ్గర నిలబడి, "చెప్పమ్మాయ్, ఇవాళ నేనెంత రోగిని?" అని అడిగేది. ఎన్నేళ్లుగా షుగరు, బీపీ ఉందా, మాత్రలు సరిగా వేసుకుంటుందా లేదా, నేను చెప్పేదాన్ని. ఆవిడకి అది చాలేది కాదు.

"కోడలు మంచిదా?"

"కోడలు గురించి ప్రశ్న లేదమ్మా."

"ప్రశ్న లేకపోతే కోడలు లేకుండా పోతుందా? మాత్ర ఇచ్చేది ఎవరు మరి?"

కోడల్ని ఆవిడే పుట్టించుకుంది. ఆ కోడలికి రోజుకో గుణం ఇచ్చేది. ఒకరోజు దాని నోటికి భయపడి మాత్రలు మానేసిన అత్త. ఇంకోరోజు అది ప్రేమగా చేసిపెట్టిన పాయసం కాదనలేక తిన్న అత్త. మా మల్లేశ్ రాసుకోవడం మానేసి, "గట్లెట్ల ఊకున్నవమ్మా? ఒక్కటియ్యకపోయినవా!" అని ఆవిడ తరఫున కోపం తెచ్చుకున్నాడొకసారి. డాక్టరు గారు స్టాప్‌వాచీ ఆపి మరీ అతన్ని తిట్టాడు.

పల్లెటూరంటే ఆవిడకి ఏమీ తెలియదు. అదే తమాషా. తెనాలి టౌనులో పుట్టి, మద్రాసులో పెరిగి, హైదరాబాదు చేరిన మనిషి. పొలం గట్టు చూసిందంటే అది షూటింగులోనే. ఆవిడ రోగి మాట్లాడేది సినిమా పల్లెటూరి మాట. అయినా ఇంటర్వ్యూ ఎంత నున్నగా సాగేదంటే, డాక్టరు గారు మురిసిపోయేవాడు. అడిగిన దానికి జవాబు. ఆగమంటే ఆగడం. మధ్యలో లేచి వెళ్లిపోవడం లేదు, ఎసట్లో బియ్యం వేసి వస్తాననడం లేదు. చివర్లో పిల్లల వైపు చూసి, "టేక్ ఓకేనా?" అని అడిగేది. ఆవిడ తీసుకున్న సమయాన్నే కొలతగా పెట్టుకుని, ఒక్కొక్కరు రోజుకి ఎన్ని ఇళ్లు తిరగగలరో డాక్టరు గారు లెక్కకట్టేశాడు. జీపులు మాట్లాడాడు. నాకెందుకో అనుమానమే. కానీ అప్పట్లో నా అనుమానాలకి విలువెక్కడిది?

ముందుగా ఒక ఊరికి వెళ్లి సరిచూసుకుందామని డాక్టరు గారు మమ్మల్ని తీసుకెళ్లాడు. మొదటి ఇంట్లోనే బోర్లా పడ్డాం. పేషెంటుని అడిగితే భర్త చెబుతాడు. భర్త ఆగితే పక్కింటావిడ అందుకుంటుంది. మజ్జిగ తాగందే మాట్లాడమంటారు. ఎప్పటి నుంచి షుగరంటే, బర్రె ఈనిన ఏడు నుంచి అంటారు. ఏ బర్రె అన్నదాని మీద ఇంట్లో కొట్లాట. మధ్యాహ్నానికి రెండిళ్లు కూడా కాలేదు. డాక్టరు గారు జీపులో ముడుచుకుని కూర్చున్నాడు.

"ఊరోళ్లకు యాక్టింగ్ రాదు మేడమ్" అన్నాడు మల్లేశ్ నా చెవిలో.

ఆఫీసుకి వచ్చాక ఈ సంగతి చెబితే ఆవిడ నవ్వలేదు. చాలా సేపు ఆలోచించి, "వాళ్లకి ఎవరన్నా ముందు చెప్పి ఉండాల్సింది, ఎదుటివాళ్లు రాసుకుంటారని" అంది. నిజంగానే వాళ్ల మీద జాలిపడింది.

సర్వేలో పాదం పరీక్ష కూడా పెట్టాలని డాక్టరు గారు అప్పుడే నిర్ణయించాడు. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకి పాదాల్లో స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, పుండు పడుతుంది, అది ముదిరి కాలు తీసేదాకా వస్తుంది. నైలాన్ పోగుతో అరికాలి మీద అక్కడక్కడ తాకించి, తెలుస్తోందో లేదో రోగి చేత చెప్పించాలి. ఆవిడ కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి కూర్చునేది. స్వరూప పోగు తాకించేది. "ఆ." మళ్లీ తాకించేది. "ఆ." ఒక్కటి కూడా తప్పిపోయేది కాదు. "చూశారా, ఆరోగ్యంగా ఉన్న పాదం ఇలా ఉంటుంది" అని డాక్టరు గారు ఆ కాళ్లు చూపించి పాఠం చెప్పాడు.

తర్వాతి వారం మధ్యాహ్నం, పిల్లలంతా భోజనానికి వెళ్లారు. నేను బల్ల దగ్గర ప్రశ్నలు దిద్దుతున్నాను. ఆవిడ మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లి వస్తోంది. మొజాయిక్ గచ్చు మీద ఏదో చప్పుడు. టక్కు. అడుగు. టక్కు. కొత్త మెట్టెలు పెట్టుకుందేమో అనుకున్నాను. కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుంది. అరికాల్లో ఎర్రటి చుక్క కనిపించింది. నెత్తురు కాదు. గుండుపిన్ను తల. పటంలోంచి రాలిపడ్డ ఊరొకటి ఆవిడ పాదంలోకి తలదాకా దిగి ఉంది.

నేను లేచి వెళ్లి, ఏమీ మాట్లాడకుండా ఆ కాలు పట్టుకుని పిన్ను లాగేశాను. సన్నగా నెత్తురు వచ్చింది. ఆవిడ నా ముఖం వైపు చూస్తోంది. నా ముఖంలో ఏం కనిపించిందో ఏమో, అప్పుడు, అప్పుడంటే పిన్ను నా చేతిలోకి వచ్చేసిన తర్వాత, "అబ్బా!" అంది.

పిన్ను బల్ల మీద పెట్టాను.

"అమ్మా, మీకు తెలుస్తలేదు కదా?"

"ఎందుకు తెలీదు? నొప్పి పుట్టింది, అరిచాను కదా."

"మరి పరీక్షల అన్నిసార్లు ఆ అన్నరేంది?"

ఆవిడ దొరికిపోయిన మనిషిలా కాకుండా, కాస్త గర్వంగానే చెప్పింది. "కళ్లు మూసుకుంటే చెవులు పనిచేస్తాయమ్మాయ్. ఆ పిల్ల వంగితే గాజులు కదులుతాయి. ఆ అబ్బాయైతే ఊపిరి బిగబడతాడు. అందుకోవడమే. ఇన్నేళ్లూ నేను చేసిందేంటి? ఎవడో చెయ్యి ఊపుతాడు, మేం ఏడవాలి."

షుగరుందని మద్రాసు రోజుల నుంచీ తెలుసట. మాత్రలు గుర్తొస్తే వేసుకుంటుందట. లేదని ఎందుకు చెప్పారని అడిగితే నన్ను వింతగా చూసింది. "వేషం కోసం వచ్చినప్పుడు అడిగినదానికి ఏది కావాలంటే అదే చెబుతాం. ఈత వచ్చా అంటే వచ్చు. గుర్రం ఎక్కుతావా అంటే ఎక్కుతా. పైగా రోగం ఉంటే పనికిరావని తర్వాత ఆయనే అన్నాడు. ఉందని ఏ తెలివిమాలినది చెబుతుంది?" అని, నా చెయ్యి పట్టుకుంది. "ఆయనతో చెప్పకమ్మాయ్. నీ పుణ్యం ఉంటుంది. నోరు తెరిచి మాట్లాడే వేషం నాకు మళ్లీ ఎవడిస్తాడు?"

నేను చెప్పాను. ఆ సాయంత్రమే చెప్పాను. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కాలు పోతుందని తెలిసీ ఊరుకుంటే నేను మనిషినా? కానీ చెప్పాక జరిగింది వినండి.

డాక్టరు గారి కళ్లు మెరిశాయి. "అంటే మన పరీక్షలోనే లొసుగుంది!" అన్నాడు. గాజులు తీయించాలి. పోగు తాకించకుండానే మధ్యమధ్య అడగాలి, తాకినప్పుడు చప్పుడు ఉండకూడదు. అప్పటికప్పుడు నియమాలన్నీ తిరగరాయించాడు. ఊళ్లకి వెళ్లకముందే ఇది బయటపడటం అదృష్టమన్నాడు. నిజమే, అదృష్టమే. రాసి రాసి నా వేళ్లు నొప్పిపుట్టాక, అప్పుడు ఆవిడ సంగతి అడిగాను. "అయ్యో, అవును. పెద్దాసుపత్రిలో నాకు తెలిసినాయన ఉన్నాడు, చీటీ రాసిస్తా, వెంటనే చూపించుకోమనండి. ఇక్కడికి మాత్రం ఇక రావద్దనండి. అసలు పేషెంటుతో ప్రాక్టీసు చేయకూడదు." ఆయన చెడ్డవాడు కాదు. చీటీ శ్రద్ధగానే రాశాడు.

గేటు దగ్గర నేను ఆ చీటీ ఇస్తే ఆవిడ తీసుకోలేదు.

"నా వేషం తీయించేశావు" అంది.

"అమ్మా, కాలు పోతది. జర నా మాటినుండ్రి."

"పోతే నా కాలు పోతుంది. నీకేం పోతుంది?" అని, చెంగు విదిలించి, ఎత్తు దిగి వెళ్లిపోయింది. కోపంలో కూడా నడక అందంగా ఉంది. చీటీ నా చేతిలోనే ఉంది. నాకు బాధ వేసింది. అప్పుడు మాత్రం వేసింది, ఆ సంగతి గుర్తుంది.

మల్లేశ్‌ని వెంటబెట్టుకుని రెండుసార్లు కృష్ణానగర్ వెళ్లాను. ఒకసారి తలుపు తాళం వేసి ఉంది. ఒకసారి లోపల ఉండీ తీయలేదు. "మేడమ్, గామె ఇనదు. మనమేమన్న గుంజుకపోతమా?" అన్నాడు మల్లేశ్. ఎండలు ముదిరాయి. మాకు కొత్త జాబితాలు, కొత్త శిక్షణ. పేషెంటుగా ఇంకొకరిని పెట్టుకున్నాం. ఆ వచ్చినావిడకి మాట్లాడటమే రాదు.

ఆ వేసవిలోనే ఒకరోజు ఆవిడ తనంతట తనే ఆఫీసుకి వచ్చింది. కోపం లేదు. ముఖం వెలిగిపోతోంది. కుడి పాదానికి పాత చీర పేలిక చుట్టి ఉంది. ఆ వాసన గదిలోకి ఆవిడకంటే ముందే వచ్చింది.

"నన్ను ముందు వరసలో పెట్టారమ్మాయ్!"

ఊరి చివర బండల మీద షూటింగు. ఊరి జనమంతా చెప్పుల్లేకుండా కొండ మీది దేవత దగ్గరికి మొక్కుకోడానికి వెళ్లే సీను. మిట్టమధ్యాహ్నం. మండే బండ మీద ఎవరూ కుదురుగా నిలబడలేకపోతున్నారట. ఒక కాలు దించితే ఇంకో కాలు ఎత్తుతున్నారు. షాటు మీద షాటు పాడైపోతోంది. ఆవిడ ఒక్కతే రాతిలా నిలబడి చేతులు జోడించి ఉంది. అసిస్టెంటు డైరెక్టరు అందరినీ ఆపి, "ఈమెను చూసి నేర్చుకోండి, యాక్టింగ్ అంటే అదీ!" అని చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకొచ్చి, హీరో పక్కనే నిలబెట్టాడట. మూడు రోజులు అదే సీను తీశారు.

"హీరో నా వైపు చూశాడు కూడానూ" అంది.

మల్లేశ్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఆటో పిలవమన్నాను. ఈసారి ఆవిడ ఎదురు చెప్పలేదు. ఆటోలో నా భుజానికి ఆనుకుని కూర్చుని, బండ మీద కెమెరా ఎక్కడ పెట్టారో, గొడుగు ఎవరికి పట్టారో, దారి పొడుగునా చెబుతూనే ఉంది. పెద్దాసుపత్రిలో పేలిక విప్పారు. నేను చూశాను. చూసి, కిటికీ బయట జనం టీ తాగుతుంటే వాళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. అదిగో, ఆ రోజు నుంచే అనుకుంటాను, నాలో ఏదో మొద్దుబారింది. ముందు వేళ్లు తీశారు. పుండు ఆగలేదు. తర్వాత మోకాలి కింద వరకు తీసేశారు.

మా ప్రశ్నలు అచ్చయి వచ్చాయి. పిల్లలు ఊళ్లకి బయలుదేరే ముందు నేను ఒకసారి ఆవిడ గదికి వెళ్లాను. మేడ మీద ఎవరో కుర్రాళ్లు పాట పెట్టుకుని డ్యాన్సు ప్రాక్టీసు చేస్తున్నారు, కప్పు అదురుతోంది. ఆవిడ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. నడుము నుంచి కింద దుప్పటి. నా సంచీలోంచి తొంగిచూస్తున్న కాగితాలు చూసి, "అచ్చయ్యాయా? ఏదీ?" అని లాక్కుని, తడిమి చూసింది.

"ఇప్పుడు నేను అసలు పేషెంటుని కదా. నన్ను రాసుకో" అంది.

"అమ్మా, ఇది పల్లెటూర్లల్ల ఉండేటోళ్లకు. కృష్ణానగర్ రాదు."

"ఇన్నేళ్లూ పల్లెటూరిదాన్నే కదమ్మాయ్!"

పెన్ను తీశాను. ఎలాగూ లెక్కలోకి రాదని ఇద్దరికీ తెలుసు. మొదటి ప్రశ్న అడిగాను. షుగరుందని మీకు మొదట ఎవరు చెప్పారు?

"ఎవరో... మద్రాసులో. ఏమో, గుర్తులేదు."

ఏ మాత్ర వేసుకుంటారు?

"తెల్లది."

క్రమంగా వేసుకుంటారా?

"ఏమో."

ఇంట్లో మీకు మాత్ర ఎవరు అందిస్తారు? అది ఆవిడ అప్పుడు అడిగినదాన్ని బట్టి మేం తర్వాత చేర్చిన ప్రశ్న. ఆవిడ గది అంతా ఒకసారి చూసింది. పైన పాట ఆగింది, మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఆవిడ చిరాగ్గా చెయ్యి ఊపింది.

"అబ్బే, ఇది పండట్లేదమ్మాయ్. కొట్టెయ్. ఆవిణ్ణే పెట్టు."

"ఎవర్ని అమ్మా?"

"మన పేషెంటుని. కోడలుందే, ఆవిణ్ణి."

రాసిన కాగితం పక్కన పెట్టి కొత్తది తీశాను. ఆవిడ జుట్టు సవరించుకుని, మెడ నిటారుగా పెట్టి కూర్చుంది. ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగాను. జవాబులు ఆగకుండా వచ్చాయి. కోడలు ఈసారి చాలా మంచిది. మాత్ర నోట్లో వేసి, మంచినీళ్లు తాగేదాకా కదలదు. పాదాల ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఆవిడ ఎదురుచూస్తోంది. అడిగాను.

"కాళ్లెలా ఉన్నాయమ్మా?"

"నాకేమమ్మా! రెండూ దుక్కల్లా ఉన్నాయి. పొద్దున కూడా చేను దాకా నడిచొచ్చాను."

రెండూ బాగున్నాయని రాసుకున్నాను.